జ్వరానికి పోసిన కల్లు

"నా బిడ్డకు మత్తుమందు అలవాటు చేసినోడెవడో చూపెట్టున్రి మేడం!" ఎల్లారెడ్డి ఊరి బడి వరండాలో గౌరవ్వ చెప్పు చేతిలోకి తీసుకుంది.

పదో తరగతి చదివే ఆమె కూతురు సంజన గోడకు ఆనుకుని వణుకుతోంది.

"ఈ నెల ఆరు రోజులే వచ్చింది. ఇంట్ల ఏమిస్తున్నరమ్మా?" అడిగింది సునీల టీచర్.

"ఏముంది, మొన్న వానకాలంల జ్వరమొచ్చినప్పటి సంది పొద్దూమాపూ గింత కల్లు పోస్తున్న. తాగితే సల్లగ పండుకుంటది. బడికి లేస్తలేదని నిన్నటి సంది బంద్ చేసిన."

"దుకాణం కల్లుల నిద్రగోళీల మందు కలుపుతున్రు గౌరవ్వా. ఒక్కసారి ఆపితే గిట్లనే వణుకుతరు."

"అమ్మా, ఇంటికి పోదాం. జెర పొయ్యవే," అంది సంజన.

గౌరవ్వ ఆ చెప్పుతో ముందు తన చెంప మీదే కొట్టుకుంది. తర్వాత దాన్ని చేతిలో పట్టుకునే కల్లు దుకాణం వైపు నడిచింది.