చిన్ననాటి తిండి

"చెప్పండి మేడం. మా అన్నయ్యేనా?"

కుర్చీలో కూర్చోకముందే అడిగేసింది కూతురు. తల్లి మాత్రం బల్ల అంచు పట్టుకుని మెల్లగా కూలబడింది. ఆరేళ్లుగా ఇలాంటి గదులెన్నింటికో తిరిగి తిరిగి విసిగిపోయిన మనిషి.

ఎముకలమ్మ కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది. ఆఫీసులో అందరూ ఆమెనలాగే పిలుస్తారు. వేల ఏళ్ల కిందటి మనుషుల ఎముకలు పొడి చేసి, వాళ్లు వేట మాని పంట తిండికి ఎప్పుడు మళ్లారో తేల్చడం ఆమె పని. ఆ ఎముకల కోసం ఎవరూ ఎదురుచూడరు. గుమ్మంలో నిలబడి ఏడవరు. అందుకే ఆ పనంటే ఆమెకు ప్రాణం.

ఇది మాత్రం పోలీసులు అంటగట్టిన పని. పైపుల కోసం తవ్విన గోతిలో ఎవరో కుర్రాడి అస్థిపంజరం బయటపడింది. ఈవిడ తప్పిపోయిన కొడుకుదేమోనని అనుమానం. తల్లి నెత్తురుతో పోల్చి చూస్తే ఇట్టే తేలిపోయేది. తల్లి ససేమిరా అంది. కూతుర్నీ ఇవ్వనివ్వలేదు. నిజం వినాలంటే భయం కాబోలు, పాపం, అనుకున్నారంతా.

"మీ అన్నయ్య చిన్నప్పుడు ఏం తినేవాడమ్మా?"

"మేమందరం తినేదే మేడం. పొలంలో పండిందే. సముద్రం మా ఊరికి రెండు రోజుల ప్రయాణం. అసలు అన్నయ్యకి చేప వాసనే గిట్టదు. బజార్లో చేపల కొట్టు కనిపిస్తే రోడ్డు దాటి అటు పక్కనుంచి నడుస్తాడు."

ఎముకలమ్మకి గుండెల మీంచి బరువు దిగింది.

"అయితే ఇతను మీవాడు కాదు. చిన్నప్పుడు తిన్న తిండి జాడ పంటిలో ఉండిపోతుంది. మట్టిలో పడున్నా చెరగదు. ఇతను పసితనమంతా సముద్రపు చేప మీదే బతికాడు. ఆ తర్వాతెప్పుడో దూరంగా వచ్చేసి పంట గింజలకి అలవాటు పడ్డాడు. ఎవరో జాలరుల బిడ్డ."

కూతురు ఒక్క ఉదుటున లేచి తల్లిని వాటేసుకుంది. "విన్నావా అమ్మా! అన్నయ్య కాదట! ఉండు, ఇంటికి ఫోన్ చేసొస్తా" అంటూ వరండాలోకి పరిగెత్తింది.

ఎముకలమ్మ గ్లాసుతో మంచినీళ్లు అందించింది. ఇన్నాళ్లకి ఈ గదిలో ఒకరికి మంచి మాట చెప్పగలిగింది.

"ఇంక ధైర్యంగా ఉండండమ్మా. ఎక్కడో చోట క్షేమంగానే ఉంటాడు."

తల్లి గ్లాసు అందుకోలేదు. తలుపు వైపు చూసింది. కూతురికి వినపడదని రూఢి చేసుకున్నాక గొంతు తగ్గించింది.

"దానికి మాత్రం తెలియనివ్వకమ్మా, వాణ్ణి నేను ఐదేళ్ల పిల్లాడిగా సముద్రపొడ్డు నుంచే తెచ్చి పెంచుకున్నాను."