ఇంకో ఏడాది

"ఇదిగో, సంతకం పెట్టు. క్లబ్బు నీకు ఇంకో ఏడాది ఒప్పందం ఇచ్చింది," అంటూ ఫిజియో కాగితాలు తెచ్చి మసాజ్ బల్ల మీద పెట్టాడు.

పద్నాలుగు నెలలుగా ఒక్క మ్యాచ్ కూడా ఆడని కెప్టెన్, మోకాలి మీద ఐసు సంచి అదుముకుంటూ తల దించుకున్నాడు.

"క్లబ్బు కోసం ఆడుతూ మోకాలు పాడుచేసుకున్నవాణ్ణి నడిరోడ్డు మీద వదిలేస్తామా, అన్నాడు మేనేజరు," అని చెప్పాడు ఫిజియో.

ఆ మాటకి కెప్టెన్ ఐసు సంచి తీసి పక్కన పెట్టేశాడు.

"అన్నా, నేను ప్రాక్టీసులో పడలేదు. ముందురోజు సాయంత్రం బావమరిదితో బైకు పందేనికి దిగి, రోడ్డు మీద పడ్డాను. పొద్దున గ్రౌండుకొచ్చి, పరుగెత్తుతూ పడ్డట్టు నటించాను."

చెప్పాక ఫిజియో ముఖంలోకి చూడలేకపోయాడు.

"తెలుసు," అన్నాడు ఫిజియో. "నీ మోకాట్లోంచి కంకర తీసింది నేనే కదరా. గడ్డిలో కంకరెక్కడిది?"

"మరి రిపోర్టులో?"

"ప్రాక్టీసులో దెబ్బ అని రాశాను. నిజం రాస్తే ఆ రోజే నిన్ను పంపించేసేవాళ్లు. మనసొప్పలేదు."

ఇన్నాళ్లూ ఆ అబద్ధం తన ఒక్కడిదే అనుకున్నాడు కెప్టెన్. ముప్పై ఏళ్లు ఏ మచ్చా లేకుండా పనిచేసిన మనిషి చేత కూడా అబద్ధమాడించానని ఇప్పుడే తెలిసింది. సిగ్గుతో కుంచించుకుపోయాడు.

సంతకం పెట్టని కాగితాలు తీసుకుని, చేతికర్ర అందుకున్నాడు.

"ఎక్కడికిరా?"

"మేనేజరు గదికి. నీ పేరు ఎత్తనులే అన్నా."

"ఎత్తకపోతే అదీ అబద్ధమే కదరా," అంటూ ఫిజియో తువ్వాలుతో చేతులు తుడుచుకుని, తలుపు తీసి పట్టుకున్నాడు. "పద."