కొట్టు నుంచి ఇంటికి దారి

వడ్రంగిపిట్ట టకటకా దండోరా వేసింది. ఎలుగుబంటి ఇప్పసారా కొట్టు ఎప్పటిదాకా తెరిచి ఉంచాలో అడవి పంచాయతీ అందరినీ అడుగుతుందట! ఇలా అడగడం ఇదే మొదటిసారి. ఉడుతలు పరుగున వచ్చి ముందు వరసలో చోటు పట్టుకున్నాయి.

"పొద్దుపోయేదాకా!" అని అరిచాయి అడవిదున్నలు.

"కాదు, తెల్లారేదాకా!" అని ఎగిరాయి కోతులు.

సర్పంచి కుందేలు "బాగుంది, బాగుంది" అంటూ తలూపింది.

అప్పుడు కౌజుపిట్ట లేచింది. దాని గూడు కొట్టు నుంచి వచ్చే బాట పక్కన, గడ్డిలో ఉంది. తాగి తూలే దున్నల కాళ్ల కింద పడి దాని గుడ్లు ఇప్పటికి రెండుసార్లు చితికిపోయాయి.

"సర్పంచి గారూ, కొట్టు ఎంతసేపైనా తెరిచి ఉండనివ్వండి. తాగినవాళ్లు ఇంటికెళ్లే బాట మాత్రం మీ బొరియ ముందు నుంచి వేయించండి."

సభంతా గొల్లున నవ్వింది. కుందేలు మాత్రం నవ్వలేదు. తన బొరియ వైపు చూసింది. అక్కడ గుమ్మంలో మూడు పిల్లలు దొర్లుతూ ఆడుకుంటున్నాయి.

"పొద్దు వాలకముందే కొట్టు మూసెయ్యాలి!" అంది గబగబా. "అందరి మాటా ఇదే కదా!"

ఆ వారమే కౌజుపిట్ట మూడోసారి గుడ్లు పెట్టింది.