గొట్టం రేకు

"ముందు ఏం చేయాలి?"

"పొయ్యి గొట్టం పిడి నిలువుగా తిప్పాలి. అప్పుడు లోపలి రేకు తెరుచుకుంటుంది, పొగ పైకి పోతుంది."

"తర్వాత?"

"సన్న పుల్లలు. తడివి వద్దు. అవి బాగా అంటుకున్నాక రెండే రెండు చీల్చిన కట్టెలు." పదేళ్ల పాప పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. "పొయ్యి నిండా కుక్కకూడదు. మంటకి గాలాడాలి."

లారీ డ్రైవరు తల ఊపాడు. కూతుర్ని మెచ్చుకునే ఓపిక అతనికి లేదు. భార్య పోయి పదిహేను రోజులైంది. ఇంకో గంటలో బస్సు. పాపని వాళ్ల అమ్మమ్మ తన ఊరికి తీసుకుపోతోంది. మళ్లీ పంపేది లేదని కూడా తెగేసి చెప్పింది. ఆ ఇంట్లోనూ ఇలాంటి ఇనప పొయ్యే ఉంది.

"రేకు ఎప్పుడు మూయాలి?"

పాప పొయ్యి మీంచి చూపు తిప్పేసుకుంది.

"నిప్పులన్నీ చల్లారి బూడిదయ్యాక," అతనే చెప్పాడు. "ఎర్రగా ఒక్క నిప్పు ఉన్నా మూయకూడదు. వేడి నిలుస్తుంది, కట్టెలు కలిసొస్తాయి అని తొందరపడితే విషగాలి ఇంట్లోకి తిరుగుతుంది. దానికి వాసన ఉండదు, కంటికి కనపడదు. పడుకున్నవాళ్లు ఇక లేవరు."

గుమ్మం దగ్గర పాప బట్టలు సంచిలో సర్దుతున్న అత్తగారు ఇక ఆగలేకపోయింది.

"ఎవరికి చెబుతున్నావు నీతులు? ఇన్నాళ్లూ అల్లుడివని మీరు మీరు అన్నందుకు నా నోరు కడుక్కోవాలి. జ్వరంతో మంచాన పడున్న నా బిడ్డని రెండు కట్టెలకి కక్కుర్తిపడి చంపుకున్నావు. అప్పుడేమైంది ఈ తెలివి?"

"పొరపాటైంది అత్తయ్యా."

"పొరపాటట! పాలు పొంగిపోతే అది పొరపాటు."

అతను వంగి పొయ్యి తలుపు మూశాడు. కడుపుకోతలో ఉన్న మనిషి ఇంతకన్నా మెత్తగా ఎలా మాట్లాడుతుంది?

పాప అతని చొక్కా పట్టుకుని గొంతు తగ్గించింది. "నాన్నా, ఆ రోజు బడికెళ్లేముందు నేను కూడా మూశాను. అమ్మ చలేస్తోందంది. నిప్పులు ఎర్రగానే ఉన్నాయి."

అతను మోకాళ్ల మీద కూర్చుని పాప చేతులు పట్టుకున్నాడు.

"తెలుసు. నువ్వెళ్లాక నేనొచ్చానుగా. రేకు తీసి, కిటికీలు తెరిచి, ఆ గాలంతా పోగొట్టాను. అమ్మ లేచి కూర్చుంది. నాతో మాట్లాడింది కూడా."

"ఏమంది?"

"నీకు జడ సరిగ్గా వేయలేకపోయానంది. మళ్లీ కట్టెలేసి, నేనే మూసి, లోడుకి వెళ్లిపోయాను. చేసింది నేను. నువ్వు కాదు."

"ఒట్టు?"

"ఒట్టు."

పాప చాలాసేపు అతని మొహంలోకి చూసింది. పదిహేను రోజులుగా బిగుసుకుపోయి ఉన్న భుజాలు కిందికి దిగాయి. ఆ వెంటనే కోపం తన్నుకొచ్చింది.

"ఎందుకు మూశావు నాన్నా?" అని అరిచి, ఏడుస్తూనే వెళ్లి అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది.

బస్టాండు దాకా రావద్దని అత్తగారు ముందే చెప్పింది. అతను గుమ్మంలో నిలబడి, ఇద్దరూ సందు మలుపు తిరిగేదాకా చూశాడు. పాప ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

భార్య పోయిన రోజు అతని లారీ ఊరు చేరేసరికే సాయంత్రమైంది.