వంకర లేని గీత

ఇప్పుడు మా చీరాలలో పిండితో ముగ్గు వేసేవాళ్ళు లేరు. ప్రతి గుమ్మం ముందూ వెలుగుపలక ఉంటుంది. తెల్లారేసరికి దానిమీద కొత్త ముగ్గు వెలుగుతుంది. యంత్రం గీసినవి ఉచితం. మనిషి గీసినవాటికే ధర.

మా ఆవిడ హైమావతి సరదాకి ట్యాబ్‌లో గీసుకునే ముగ్గుల్ని సరుకు చేసి, ఆన్‌లైన్‌లో కొట్టు తెరిచింది నేనే. కిందటేడు ఆమె చేతికి వణుకు వచ్చింది. బేరాలు పోతాయని భయపడ్డాను. పెరిగాయి. గీత వణికితేనే మనిషి గీసినట్టు నమ్మకమట.

వణుకు తగ్గించే మాత్రలు వచ్చి బీరువాలో ఉన్నాయి. ధనుర్మాసం మాకు సీజను. అది దాటాక ఇద్దామని లెక్క వేసుకున్నాను.

ఈ ఉదయం హైమ కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అడిగింది.

"ఏవండీ, మందు ఇంకా రాలేదా?"

"దారిలో ఉందట."

"నత్త మీద పంపారేమో!" అని నవ్వింది.

పాలకని బయల్దేరి గుమ్మంలో ఆగిపోయాను. మా పలక మీది ముగ్గులో ఎక్కడా వణుకు లేదు.

"మనింటికే యంత్రం ముగ్గా? ఎవరన్నా చూస్తే మన వ్యాపారం ఏంగాను?"

"వీధి లేచేలోపు తీసేస్తాలెండి. వంకర లేని గీత రోజుకొక్కటైనా చూసుకోవాలనిపిస్తుంది. నేనూ అలాగే గీసేదాన్నిగా."

ఆ ముగ్గు దాటడానికి నాకు కాలు రాలేదు. లోపలికి వెళ్ళి బీరువా తీసి, మాత్రా మంచినీళ్ళూ పట్టుకొచ్చి ఆమె ముందు నిలబడ్డాను.

హైమ మాత్ర వంక చూసింది.

"అప్పుడే సీజను అయిపోయిందాండీ?" అంది.