గడప అవతల

సుగుణమ్మకు మామగారి మీద పెద్ద ఫిర్యాదేమీ లేదు. అందరి మామగార్లూ పొద్దున్నే సద్ది తిని చేనికి పోతారు. ఈయన ఊరిపెద్ద గనక, సద్ది తిని కోడలు పాఠాలు చెప్పే బడికి వస్తాడు. అంతే. వచ్చినవాడు ఊరికే ఉండడు. అంతే.

ఆ రోజు వస్తూనే బడి వెనక పత్తిచేని గట్టు మీద చేతికర్ర నాటి నిలబడ్డాడు ఉచ్చీరప్ప. గట్టున ముప్ఫైమంది పిల్లలు గుండ్రంగా కూర్చుని తకిళ్లతో దారం తీస్తున్నారు. ఆయన మనవరాలు దేవమ్మ పక్కన, మోకాలికి మోకాలు తగులుతూ, సారమ్మ! ఊరి చివరి పేట నుంచి బడికొచ్చే పిల్ల అదొక్కతే. పేటవాళ్లు తగిలితే ఉచ్చీరప్ప తలస్నానం చేయందే ఇంట్లోకి రాడు.

"ఏమ్మా, ఇది బడా, ఎమ్మిగనూరు సంతా?"

"ఆదోని ట్రైనింగులో ఇట్లే చెప్పమన్నారు మామా. ఆరుబయట, చేతిపనితో."

"ఆ పిల్లను మన దేవి పక్కన కూసోబెట్టమని గూడా సెప్పినారా? అది వసారాలో గదా కూసునేది?"

"గట్టు మీద వసారా ఏది మామా? అందరం బయటే."

"అందుకే సెప్తాండా. రేపట్నించి బడి మిద్దెలోనే. ఆ పిల్ల గడప అవతల. కాదంటే నిన్ను తుగ్గలికి బదిలీ చేపిస్తా. కోడలని గూడా సూడను."

బదిలీ అయితే సంగటి ఎవరు కెలుకుతారని అడగబోయి, సుగుణమ్మ "సరే మామా" అంది.

సాయంత్రానికే సంగతి పేటకు చేరింది. సారమ్మ తల్లి సువార్తమ్మ వచ్చి బడి వాకిట్లో నిలబడింది.

"మళ్లా వసారా అయితే మా పిల్లను పంపనమ్మా. పత్తి ఏరేకి తోలుకపోతా. ఆడైతే దూరం కూసోమని ఎవరూ అనరు."

"రేపు ఒక్కరోజు పంపు సువార్తమ్మా. మా మామ మాట పొల్లు పోకుండా నడిపిస్తా. ఆ తర్వాత నీ ఇష్టం."

మరునాడు పిల్లలకంటే ముందే ఉచ్చీరప్ప బడికొచ్చి, ఉన్న ఒక్క కుర్చీనీ లోపలి గోడకు జరుపుకుని కూర్చున్నాడు. పిల్లలంతా లోపల సర్దుకున్నాక చేతికర్రతో చోటు చూపించాడు.

"సారమ్మా, గడపకు అవతల కూసో. ఆ, ఆడనే, వాకిలికి ఎదురుగా, నా కంటికి కనపడాల. నేను సెప్పేదాకా కదలొద్దు. లోపలికి రావొద్దు."

సారమ్మ తల ఊపి, కర్ర చూపించిన చోటే బాసింపట్టు వేసింది.

అది మట్టి మిద్దె. వాకిలి ఒకటే, కిటికీ లేదు. లోపల పత్తి ఏకేదో దారమేదో తెలియడం లేదు. మొదట దేవమ్మ దారం తెగింది.

"టీచరమ్మా, కనపళ్లేదు."

"వెలుతురున్న చోటికి పోమ్మా."

దేవమ్మ ఒక్క గెంతుతో వసారాలో పడి సారమ్మ పక్కన కూర్చుంది.

"యాడికే?" అని అరిచాడు తాత.

"సారమ్మే లోపలికి రాగూడదు తాతా. నన్ను బయటికి పోవద్దంటివా ఏమి?"

అనలేదు. దేవమ్మ వెనకే గోవిందు, వాడి వెనక ఈరన్న, పావుగంటలో మొత్తం బడి వసారాకు చేరింది. "పిల్లలున్న చోట టీచరుండాల కదా మామా" అని సుగుణమ్మ నల్లబల్ల ఎత్తుకుపోయింది. లోపల కుర్చీ, ఉచ్చీరప్ప మిగిలారు.

మూడు బారల వసారాలో ముప్ఫైమంది. సందు లేదు. అరగంట బింకంగా కూర్చున్నాడు ఉచ్చీరప్ప. తర్వాత, ఎండకని తాగి వచ్చిన రెండు చెంబుల మజ్జిగ తన పని మొదలుపెట్టింది. గబగబా గడప దాకా వచ్చి ఆగిపోయాడు. ఎదురుగా, గడియ పెట్టినట్టు, సారమ్మ. ఆ పిల్లకు తగలకుండా కాలు బయట పెట్టే వీల్లేదు.

"ఏ పిల్లా, రవ్వంత జరుగు."

సారమ్మ ఎడమకు చూసింది, దేవమ్మ. కుడికి చూసింది, గోవిందు. ముందంతా వీపులే.

"యాడికి జరగల్లప్పా? లోపలొక్కటే సందుండాది. లోపలికి రావొద్దంటివి గదా."

"సుగుణమ్మా! పిల్లోల్లను లేపు!"

"దారాలు తెగుతాయి మామా. ముప్పావుగంటలో చుట్టేస్తారు, కూర్చోండి."

ముప్పావుగంట! ఉచ్చీరప్ప కుడికాలి బరువు ఎడమకాలి మీదికి మార్చాడు. మళ్లీ కుడికాలి మీదికి మార్చాడు. తకిళ్లన్నీ ఆగిపోయాయి. ముప్ఫై జతల కళ్లు ఆయన కాళ్ల మీదే ఉన్నాయి.

"తప్పు నాదేలేమ్మా," అన్నాడు ఉచ్చీరప్ప, గడప వదిలి వెనక్కి జరుగుతూ, "బిరీన లోపలికి రా, సారమ్మా!"