పిచ్చమ్మగారికి పడని పండు

పిచ్చమ్మగారి పెద్దకర్మ ముగిసిన మధ్యాహ్నం, ఇందుకూరుపేటలోని వారి ఇంటి వరండాలో కూర్చున్నవారు వరుసగా వీరు: భర్త, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు పద్మనాభయ్యగారు; కూతురు బిందు; తమ్ముడు చంద్రమౌళి; చివరగా, దంపతులిద్దరి రక్తపోటుకూ మందులిస్తూ వచ్చిన డాక్టరు ఆనందకుమారిగారు.

పద్మనాభయ్యగారికి ఏడుపు రాలేదు. పొద్దుటి నుంచి ఎవరేది చెబితే అది చేశారు.

అదే వింత.

"నువ్వు జన్మలో ఎవరి మాటన్నా విన్నావా బావా?" అన్నాడు చంద్రమౌళి. "ఉప్పు తగ్గించమని మేడమ్ చెప్తే, ఆ పూటే ఊరమిరపకాయలు వేయించమన్నావంట. అక్క చెప్పి నవ్వేది."

"ఒకటి మానుకున్నాను. ఎవరూ చెప్పకుండానే."

అది నిజం. కొన్నేళ్ల కిందట పిచ్చమ్మగారు ఆసుపత్రి నుంచి వచ్చి, తన బీపీ మాత్రకు పంపరపనస పడదట అన్నారు. మందు ఒంట్లో పేరుకుని బీపీ ఒక్కసారిగా పడిపోతుందట. ప్రాణానికే ముప్పట.

"మీది వేరే మాత్ర. మీరు తినండి," అన్నారు.

ఆమెకు ఆ పండంటే ప్రాణం. ఆమె ఎదుట తాను తొనలు వలుచుకుని తినడమా? "నాకు నువ్వు చెప్పేదేమిటి?" అని ఆ రోజు నుంచి ఆయనా ముట్టలేదు. పెరటి చెట్టు కాయలన్నీ ఇరుగుపొరుగుకే పోయాయి. ఇంత కాపురంలో భార్య కోసం ఆయన చేసిన త్యాగం అదొక్కటే. ఆమె పోయినప్పటి నుంచి ఆయనను నిలబెడుతున్నదీ అదొక్కటే.

బిందు పటం ముందు పెట్టిన పంపరపనస తీసి వలిచింది.

"అమ్మ కోసం మానినారు. ఇంక తినండి నాన్నా."

ఆయన తొన అందుకున్నారు. చేతికి దాని తడి కూడా తెలియలేదు.

"వద్దు సార్!" ఆనందకుమారిగారు లేచి ఆయన చేయి పట్టుకున్నారు.

"అమ్మే లేదు కదా మేడమ్, ఇంకెందుకు?" అంది బిందు.

డాక్టరుగారు దండ వేసిన పటం వైపు చూశారు. ఎన్నడూ చెప్పవద్దని పిచ్చమ్మగారు ఒట్టు వేయించుకున్న సంగతి అప్పుడు చెప్పారు.

ఆ పండు పడనిది పద్మనాభయ్యగారి మాత్రకే గాని తన మాత్రకు కాదని తెలిసి, తినమంటేనే మానే భర్త కోసం, తనకు ప్రాణమైన దానిని తుదిదాకా ముట్టక కన్నుమూసిన కీర్తిశేషురాలు పిచ్చమ్మగారి ఉపకారాన్ని ఇందుమూలంగా కృతజ్ఞతతో స్మరించడమైనది.